వంట సోడా కూడా లవణమే కదా, మరి అది తటస్థంగా ఎందుకు ఉండదు?

పదో తరగతి చదువుతున్నానంటూ నువ్వు మూడు సందేహాలు అడిగావు. ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయి, లవణం తటస్థం అని చదివాక, లవణమే అయిన వంట సోడా క్షారాన్ని పట్టించే ఎర్ర లిట్మస్‌ను నీలంగా ఎలా మారుస్తుంది? బలమైన ఆమ్లం, గాఢ ఆమ్లం రెండూ ఒకటేనా? పీహెచ్ అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఎన్నిసార్లు చదివినా పరీక్ష హాల్లోకి వెళ్ళేసరికి అన్నీ కలగాపులగం అయిపోతున్నాయని టెన్షన్ పడుతున్నావు.

మొదటి ప్రశ్నకు సూటి జవాబు ముందే చెప్పేస్తాను. లవణాలన్నీ తటస్థం కావు. మామూలుగా బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసి పుట్టిన లవణమే తటస్థంగా ఉంటుంది. మన ఉప్పు అలాంటిది. వంట సోడా అలాంటిది కాదు. ఎందుకు కాదో అర్థమైతే మిగతా రెండు ప్రశ్నలూ దానంతటవే విడిపోతాయి, కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

చాలా ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. పిల్లలు ఎక్కడ తడబడతారో చూస్తూనే ఉన్నాను. ఆమ్లత్వం అనేది సీసాలో ఉన్న పదార్థానికి పుట్టుకతో వచ్చిన గుణం అనుకోవడంతోనే చిక్కంతా మొదలవుతుంది. అది ఆ పదార్థం నీటిలో పడ్డాక చేసే పని. ఏ లెక్క వచ్చినా, ఏ ప్రయోగం అడిగినా ఒకే ప్రశ్న వేసుకో: ఇది నీటిలో పడ్డాక హైడ్రోజన్ అయాన్‌ను ఇస్తోందా, తీసుకుంటోందా, ఊరికే ఉంటోందా? అయాన్ అంటే విద్యుదావేశం ఉన్న కణం.

నీ పుస్తకంలో ఉన్న ఒక ప్రయోగం ఈ మాటకు మంచి సాక్ష్యం. పరీక్ష నాళికలో ఉప్పు వేసి, దాని మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. పొడి నీలి లిట్మస్ కాగితాన్ని ఆ వాయువు దగ్గర పెడితే రంగు మారదు. అదే కాగితాన్ని తడిపి పెడితే వెంటనే ఎర్రబడుతుంది. వాయువు అదే, కాగితం అదే, తేడా నీటి దగ్గర వచ్చింది. నీరు లేనప్పుడు హైడ్రోజన్, క్లోరిన్ ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. నీరు దొరకగానే హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు వదిలేసి, ఉత్త ప్రోటాన్‌గా నీటి అణువును పట్టుకుంది. అలా ఏర్పడిన దాన్నే హైడ్రోనియం అయాన్ అంటాం. ఒంటరి ప్రోటాన్ నీటిలో విడిగా తిరగదు. పుస్తకంలో హైడ్రోజన్ అయాన్ అని రాసినా, మనసులో హైడ్రోనియం అనే చదువుకో.

ఈ సంగతి తేలడానికి శాస్త్రవేత్తలకు వందేళ్ళకు పైగా పట్టింది. ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉండి తీరాలని ఫ్రాన్స్‌లో లవోజియే నమ్మాడు. 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్ ఒక మూలకమని, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజనే లేదని చూపించాడు. దాంతో చూపు హైడ్రోజన్ మీదికి మళ్ళింది. కొన్ని పదార్థాలు నీటిలో కరిగినప్పుడు అయాన్లుగా విడిపోతాయని స్వీడన్‌కు చెందిన ఆర్హీనియస్ 1884లో తన పరిశోధన వ్యాసంలో ప్రతిపాదించాడు. పరీక్షించినవాళ్ళు దానికి చాలా తక్కువ శ్రేణి ఇచ్చారు. అదే సిద్ధాంతానికి 1903లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1923లో డెన్మార్క్‌లో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండ్‌లో లౌరీ విడివిడిగా ఇంకో మెట్టు ఎక్కారు. ప్రోటాన్‌ను ఇచ్చేది ఆమ్లం, తీసుకునేది క్షారం అన్నారు. నీ వంట సోడా గుట్టు ఈ రెండో నిర్వచనంలో ఉంది. పదో తరగతి పుస్తకం ఎక్కువగా ఆర్హీనియస్ దగ్గరే ఆగుతుంది, పిల్లలకు సోడా అర్థం కాకపోవడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

ఆర్హీనియస్ ప్రకారం క్షారం అంటే నీటిలో హైడ్రాక్సైడ్ అయాన్లను ఇచ్చేది. సోడియం హైడ్రాక్సైడ్, కాల్షియం హైడ్రాక్సైడ్ విషయంలో ఇది సరిపోతుంది, వాటి పేర్లలోనే హైడ్రాక్సైడ్ ఉంది. వంట సోడా అంటే సోడియం హైడ్రోజన్ కార్బొనేట్. అందులో ఇవ్వడానికి హైడ్రాక్సైడే లేదు. మరి లిట్మస్ ఎందుకు నీలమైంది?

వంట సోడా నీటిలో పడగానే సోడియం అయాన్‌గా, హైడ్రోజన్ కార్బొనేట్ అయాన్‌గా విడిపోతుంది. సోడియం అయాన్‌కు ప్రోటాన్‌తో పని లేదు, అది ఊరికే ఉంటుంది. హైడ్రోజన్ కార్బొనేట్ అలా ఊరుకోదు. అది కార్బోనిక్ ఆమ్లం అనే బలహీన ఆమ్లం నుంచి వచ్చింది. బలహీన ఆమ్లం అంటే ప్రోటాన్‌ను సులువుగా వదలనిది అని కదా అర్థం. అందుకే దాని అయాన్‌కు పోయిన ప్రోటాన్‌ను మళ్ళీ పట్టుకునే గుణం ఉంటుంది. పక్కనే ఉన్న నీటి అణువు నుంచి ఒక ప్రోటాన్‌ను లాక్కుంటుంది. ప్రోటాన్ పోగొట్టుకున్న నీటి అణువులో మిగిలేదేమిటి? హైడ్రాక్సైడ్ అయాన్. లిట్మస్‌ను నీలంగా మార్చింది అదే. అది సోడా తెచ్చింది కాదు, నీటిలోంచి పుట్టింది.

బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్, ఇదే పనిని ఇంకా గట్టిగా చేస్తుంది. దాని 0.1 మోలార్ ద్రావణం (లీటరుకు 0.1 మోల్, మోల్ అంటే అణువులను లెక్కపెట్టే కొలత) పీహెచ్ 11.6 దాకా ఉంటుంది. పీహెచ్ 7 అయితే తటస్థం, పైకి పోయేకొద్దీ క్షారం, ఆ లెక్క కింద చెబుతాను. వంట సోడా ద్రావణం 8.3 దగ్గర ఆగిపోతుంది. వంట సోడాను పిండిలో వేసుకుంటాం, బట్టల సోడాను నాలుక మీద పెట్టుకోలేం.

ఈ తేడాను ఇంట్లోనే చూడొచ్చు. పసుపులో నాలుగు చుక్కల నీళ్ళు పోసి పేస్టులా చేసి, తెల్ల కాగితానికి పట్టించి ఆరబెట్టు. ఆరిన కాగితాన్ని పట్టీలుగా కత్తిరించు. ఒక పట్టీ మీద తమలపాకుకు రాసుకునే సున్నం నీళ్ళలో కలిపి, ఆ తేట ఒక చుక్క వెయ్యి. చుక్క పడ్డ చోట ముదురు ఎరుపు వస్తుంది. బట్టల సోడా నీళ్ళకూ అదే ఎరుపు. వంట సోడా నీళ్ళకు అంత ఎరుపు రాదు, మసక నారింజ దగ్గర ఆగుతుంది, కాగితాన్ని వెలుతురులో పట్టి మామూలు పసుపుతో పోల్చి చూడాలి. ఉప్పు నీళ్ళు వేస్తే ఏమీ జరగదు. ఇప్పుడు ఎర్రబడ్డ మచ్చ మీద నిమ్మరసం పిండు, మళ్ళీ పసుపు రంగుకు వచ్చేస్తుంది. పెళ్ళిలో పాదాలకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు పసుపూ సున్నం కలిస్తే వచ్చేవే. తెల్ల చొక్కా మీద కూర మరకకు సబ్బు రుద్దితే ఎర్రబడి, బాగా జాడిస్తే పసుపు రంగుకు తిరిగి వచ్చేది కూడా ఇందుకే. బజ్జీల పిండిలో పసుపు వేసి, సోడా సరిగ్గా కలపకపోతే అక్కడక్కడా ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి ఉండలుగా మిగిలిన సోడా చుట్టూ ఏర్పడ్డ రంగు.

అయితే పసుపుకు ఒక లోపం ఉంది, పరీక్షలో ఇది తరచూ అడుగుతారు. నిమ్మరసం వేసినా, మంచినీళ్ళు వేసినా పసుపు పచ్చగానే ఉంటుంది. అంటే అది క్షారాన్ని పట్టిస్తుంది కానీ, ఆమ్లాన్నీ తటస్థ ద్రావణాన్నీ విడదీసి చెప్పలేదు. దానికి ఎర్ర మందార పనికొస్తుంది. నాలుగు మందార రేకులు వేడినీళ్ళలో నానబెడితే వచ్చే రంగునీళ్ళు నిమ్మరసంతో ముదురు గులాబీ అవుతాయి, సున్నపు తేటతో ఆకుపచ్చ అవుతాయి. పచారీ కొట్లో దొరికే పటిక కొంచెం నీళ్ళలో కరిగించి మందార నీళ్ళలో పోసి చూడు. గులాబీ వైపు తిరుగుతుంది. పటిక కూడా లవణమే, కానీ ఆమ్ల గుణం చూపే లవణం. ఇది సోడాకు సరిగ్గా ఎదురు. పటికలోని అల్యూమినియం అయాన్ తన చుట్టూ నీటి అణువులను బిగించి పట్టుకుంటుంది. ఆ బిగువుకు ఒక నీటి అణువు నుంచి ప్రోటాన్ ఊడి బయటికి వస్తుంది. కళాయి వేసేవాళ్ళు వాడే నవాసారం, అంటే అమ్మోనియం క్లోరైడ్, ఇంకో రకంగా అదే ఫలితం ఇస్తుంది. దానిలోని అమ్మోనియం అయాన్ తన ప్రోటాన్‌నే నీటికి అందిస్తుంది. దాని 0.1 మోలార్ ద్రావణం పీహెచ్ సుమారు 5.1.

కాబట్టి ఏ లవణం కనిపించినా దాని తల్లిదండ్రులెవరో అడుగు. ఉప్పుకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్. రెండూ బలమైనవి, ఫలితం తటస్థం. నవాసారానికి బలమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బలహీనమైన అమ్మోనియం హైడ్రాక్సైడ్, ఆమ్ల గుణం. సోడియం కార్బొనేట్‌కు బలహీనమైన కార్బోనిక్ ఆమ్లం, బలమైన సోడియం హైడ్రాక్సైడ్, క్షార గుణం. రెండూ బలహీనమైతే ఏది ఎంత బలహీనమన్న దాన్ని బట్టి ఉంటుంది. అమ్మోనియం ఎసిటేట్‌లో రెండూ దాదాపు సమానం కాబట్టి పీహెచ్ 7 దగ్గరే తేలుతుంది.

ఇక పీహెచ్. ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు, మన కోట్ల లెక్కలోనే చెప్పుకోవచ్చు. మంచి స్వచ్ఛమైన నీటిలో కూడా కొన్ని అణువులు తమలో తాము ప్రోటాన్ ఇచ్చిపుచ్చుకుంటాయి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు 55 కోట్ల నీటి అణువుల్లో ఒకటి మాత్రమే అలా విడిపోయి ఉంటుంది. మోల్స్‌లో చూస్తే లీటరుకు కోటిలో ఒక వంతు మోల్ హైడ్రోజన్ అయాన్లు. కోటి అంటే ఒకటి పక్కన ఏడు సున్నాలు. ఆ ఏడే స్వచ్ఛమైన నీటి పీహెచ్. లీటరుకు లక్షలో ఒక వంతు ఉంటే, లక్షకు ఐదు సున్నాలు, పీహెచ్ 5. వెయ్యిలో ఒక వంతు ఉంటే పీహెచ్ 3. పది కోట్లలో ఒక వంతే ఉంటే పీహెచ్ 8.

ఇలా చూస్తే రెండు సంగతులు బట్టీ పట్టకుండానే తెలిసిపోతాయి. సున్నాలు తగ్గితే అయాన్లు ఎక్కువ ఉన్నట్టు, అందుకే పీహెచ్ తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది. ఒక్కో అంకెకు పది రెట్ల తేడా. పీహెచ్ 3 ఉన్న ద్రావణం పీహెచ్ 5 కన్నా వంద రెట్లు ఎక్కువ హైడ్రోజన్ అయాన్లు కలిగి ఉంటుంది, రెండు రెట్లు కాదు. ఈ కొలతను 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సన్ ప్రవేశపెట్టాడు. ఆయన ఎంజైముల మీద పని చేసేవాడు. అవి అతి తక్కువ ఆమ్లత్వ మార్పుకు కూడా స్పందిస్తాయి. ప్రతిసారీ అన్ని సున్నాలు రాయడం కష్టమై ఈ చిన్న అంకెల పద్ధతి తెచ్చాడు.

ఇంకో మాట. పీహెచ్ 7 తటస్థం అనేది 25 డిగ్రీల దగ్గర మాట. నీరు వేడెక్కితే ఇంకాసిన్ని అణువులు విడిపోతాయి. 60 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటి పీహెచ్ సుమారు 6.5. అంతమాత్రాన అది ఆమ్లం అయిపోలేదు, హైడ్రాక్సైడ్ అయాన్లు కూడా సరిగ్గా అంతే పెరిగాయి కాబట్టి తటస్థమే. పదో తరగతి పరీక్షలో 7 అనే రాయి, కానీ మనసులో మాత్రం తటస్థం అంటే రెండు అయాన్లూ సమానంగా ఉండటం అని పెట్టుకో.

పీహెచ్ 6 ఉన్న ఆమ్ల ద్రావణాన్ని వంద రెట్లు పలచన చేస్తే పీహెచ్ 8 అవుతుందా అని కొందరు పిల్లలు లెక్క వేసేస్తారు. ఎంత నీళ్ళు పోసినా ఆమ్లం క్షారం కాదు. ఆ స్థాయిలో ఆమ్లం ఇచ్చే అయాన్ల కన్నా నీటి సొంత అయాన్లే ఎక్కువ, వాటిని కలుపుకుంటే పీహెచ్ 6.98 దగ్గర వస్తుంది. 7కు చేరువ అవుతుంది కానీ దాన్ని దాటదు.

నీ రెండో ప్రశ్న, బలం, గాఢత. ఈ రెండూ కలిపేసుకోవడం వల్ల పరీక్షల్లో పోయే మార్కులు చాలా. గాఢత అంటే ఒక లీటరులో ఎంత ఆమ్లం ఉందన్నది. బలం అంటే ఉన్న దానిలో ఎన్నో వంతు నీటిలో అయాన్లుగా విడిపోయిందన్నది. స్టేజీ దగ్గర ఆగిన బస్సు అనుకో: బస్సులో ఎంతమంది ఉన్నారన్నది గాఢత, వాళ్ళలో ఎన్నో వంతు కిందికి దిగారన్నది బలం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం బస్సులో అందరూ దిగిపోతారు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం బస్సులో నూటికి ఒకరో ఇద్దరో దిగుతారు. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 1. అంతే గాఢత ఉన్న ఎసిటిక్ ఆమ్లం పీహెచ్ దాదాపు 2.9, అందులో అణువులు విడిపోయేది 1.3 శాతమే.

ఇప్పుడు తెలివైన పిల్లలు కూడా తడబడే చోటుకు వద్దాం. ఈ రెండు ఆమ్లాలూ 25 మిల్లీలీటర్ల చొప్పున తీసుకున్నావు, రెండింటి గాఢతా 0.1 మోలారే. వీటిని తటస్థీకరించడానికి ఏదానికి ఎక్కువ సోడియం హైడ్రాక్సైడ్ కావాలి? చాలామంది హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి అంటారు, అది బలమైనది కాబట్టి. నిజానికి రెండింటికీ సమానంగానే పడుతుంది. దిగినవాళ్ళను హైడ్రాక్సైడ్ తీసుకుపోతూ ఉంటే, బస్సులో కూర్చున్నవాళ్ళు ఒకరి వెనక ఒకరు దిగుతూనే ఉంటారు, చివరికి బస్సు ఖాళీ అవుతుంది. పీహెచ్ చెప్పేది ఇప్పుడు దిగి ఉన్నవాళ్ళ లెక్క మాత్రమే, తటస్థీకరణకు కావలసింది మొత్తం జనాభా లెక్క.

ఈ తటస్థీకరణ జరుగుతుండగా దగ్గర నుంచి చూడాలి, వీలైతే మీ టీచర్‌ని అడిగి ల్యాబ్‌లో ఒకసారైనా చెయ్యి. శాంకవ కుప్పెలో 25 మిల్లీలీటర్ల 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగు తేలే సూచిక), కింద తెల్ల కాగితం. పైన కొళాయి ఉన్న కొలత గొట్టం, అంటే బ్యూరెట్‌లో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్. మొదట్లో క్షారం పడ్డ చోట గులాబీ రంగు మెరిసి, కుప్పె తిప్పగానే మాయమవుతుంది. 20 మిల్లీలీటర్లు పోసినా రంగు నిలవదు. అప్పటికి పీహెచ్ 1 నుంచి సుమారు 2 దాకానే వచ్చింది, ఐదింట నాలుగు వంతుల పని అయిపోయినా సరే. ఇక్కడే పిల్లలు విసుగొచ్చి కొళాయి ఎక్కువ తిప్పేస్తారు. ఆపు, ఇక చుక్క చుక్కగా పోయాలి. గులాబీ రంగు పోవడానికి పట్టే సమయం పెరుగుతూ వస్తుంది. 24.95 మిల్లీలీటర్ల దగ్గర పీహెచ్ 4. ఒక చుక్క అంటే దాదాపు 0.05 మిల్లీలీటరు. ఇంకో రెండు చుక్కలు పడి 25.05కు చేరేసరికి పీహెచ్ 10. రెండే రెండు చుక్కల్లో హైడ్రోజన్ అయాన్లు పది లక్షల రెట్లు తగ్గాయి. ఫినాఫ్తలీన్ 8.2 నుంచి 10 మధ్యలో రంగు మారుతుంది, కాబట్టి ఆ గెంతులో సరిగ్గా దొరికిపోతుంది. సూచిక ఎందుకు అంత కచ్చితంగా పనిచేస్తుందని అడిగితే జవాబు ఈ గెంతే. లేత గులాబీ వచ్చి, కుప్పె తిప్పినా నిలిస్తే అక్కడ ఆపాలి. ముదురు గులాబీ వచ్చిందంటే దాటేసినట్టే.

ఇంత పలచటి ద్రావణంలో చేతికి తెలియకపోవచ్చు కానీ, కుప్పె కొద్దిగా వెచ్చబడుతుంది. తటస్థీకరణం ఉష్ణమోచక చర్య, అంటే వేడిని బయటికి వదిలేది. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి బదులు నైట్రిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్‌కు బదులు పొటాషియం హైడ్రాక్సైడ్ వాడినా మోల్‌కు వచ్చే వేడి దాదాపు సమానం, సుమారు 57 కిలోజౌళ్ళు. జరుగుతున్న అసలు పని ఒకటే కాబట్టి: హైడ్రోజన్ అయాన్, హైడ్రాక్సైడ్ అయాన్ కలిసి నీరు కావడం. సోడియం, క్లోరైడ్ అయాన్లు మొదట ఎలా ఉన్నాయో చివర్లోనూ అలాగే నీటిలో తిరుగుతున్నాయి. నీటిని ఆవిరి చేస్తే తప్ప అవి ఉప్పుగా గడ్డకట్టవు.

సముద్రం పక్కన ఉప్పు మడుల్లో జరిగేది ఆ ఆవిరి చేసే పనే. శ్రీకాకుళం జిల్లా నౌపడలోనో, చినగంజాంలోనో ఎండాకాలం వెళ్తే చూడొచ్చు. సముద్రపు నీరు ఎండుతున్న కొద్దీ ముందు జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్, విడిపోతుంది, తర్వాత ఉప్పు స్ఫటికాలు కడుతుంది, మెగ్నీషియం లవణాలు చివరి దాకా నీటిలోనే మిగులుతాయి. ఆ మెగ్నీషియం క్లోరైడ్ కొంచెం అంటుకుని ఉండటం వల్లే వానాకాలంలో కల్లు ఉప్పు జాడీలో చెమ్మగిల్లుతుంది.

లోహాలతో, కార్బొనేట్లతో చర్యలు మీ పుస్తకంలో బాగానే ఇచ్చారు, వాటిని నేను మళ్ళీ రాయను. కానీ సున్నపు తేట ప్రయోగం మీద ఒక మాట. కార్బన్ డయాక్సైడ్ పంపితే సున్నపు తేట పాలలా మారుతుందని అందరూ రాస్తారు. ఇంకా పంపితే మళ్ళీ తేటపడుతుందన్నది చాలామంది వదిలేస్తారు. మొదట ఏర్పడింది కరగని కాల్షియం కార్బొనేట్. ఎక్కువైన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కార్బోనిక్ ఆమ్లంగా మారి, ఆ కార్బొనేట్‌కు ప్రోటాన్ ఇస్తే అది కరిగే కాల్షియం హైడ్రోజన్ కార్బొనేట్ అవుతుంది. అరకు దారిలో బొర్రా గుహలను తొలిచింది ఈ చర్యే. వాననీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుని మామూలుగానే పీహెచ్ 5.6 దగ్గర ఉంటుంది, మట్టిలోంచి దిగుతూ ఇంకొంత పోగు చేసుకుంటుంది. అది సున్నపురాయిని కరిగిస్తుంది. గుహ పైకప్పు నుంచి చుక్కగా వేలాడినప్పుడు కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోయి, కాల్షియం కార్బొనేట్ మళ్ళీ రాయిగా పేరుకుంటుంది. పరీక్ష నాళికలో చర్య ముందుకూ వెనక్కూ నడిచినట్టే గుహలోనూ నడుస్తోంది.

నువ్వు అడగలేదు కానీ, మీది వ్యవసాయ కుటుంబం అయితే చౌడు నేల సంగతి తెలిసే ఉంటుంది. కారు చౌడు భూముల్లో సోడియం కార్బొనేట్ పేరుకుని పీహెచ్ 8.5 దాటుతుంది. మట్టి వానకు బురదై, ఎండకు రాయవుతుంది. పూర్వం బట్టలు ఉతకడానికి చౌడు మట్టి వాడేవారంటే అందులోని ఆ సోడా వల్లే. క్షార గుణం ఉన్న నేలకు ఆమ్లం వేయాలి కదా అని పిల్లలు రాస్తారు. రైతులు మాత్రం జిప్సం వేస్తారు, జిప్సం ఆమ్లం కాదు, దాదాపు తటస్థ లవణం. మరి ఎలా పనిచేస్తుంది? జిప్సంలోని కాల్షియం నేలలోని కార్బొనేట్‌ను పట్టుకుని కరగని కాల్షియం కార్బొనేట్‌గా దింపేస్తుంది. నీటి నుంచి ప్రోటాన్‌ను లాక్కునే కార్బొనేట్ అలా ద్రావణంలోంచి తప్పుకుంటుంది. బంకమట్టికి అంటుకున్న సోడియం స్థానంలోకి కూడా కాల్షియం వస్తుంది. మిగిలిన సోడియం సల్ఫేట్ నీటిలో కరుగుతుంది కాబట్టి, పొలంలో నీళ్ళు నిలగట్టి మురుగు కాలవ గుండా వదిలితే కొట్టుకుపోతుంది. నీళ్ళు పోయే దారి లేకపోతే జిప్సం ఎంత వేసినా లాభం ఉండదు. ఆమ్లం పోసి క్షారాన్ని చంపడం ఒక్కటే దారి కాదని చూపడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

ప్రయోగాలు చేస్తావు కాబట్టి జాగ్రత్తలు గట్టిగానే చెబుతాను. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలచన చేయాలంటే ఆమ్లాన్నే నీటిలో కొద్దికొద్దిగా, కలుపుతూ పోయాలి. నీటిని ఆమ్లంలో పోస్తే పైపైనే వేడి పుట్టి, మరిగి ముఖాన చిమ్ముతుంది. ఇంట్లో దాన్ని ముట్టుకోకు, అది ల్యాబ్‌లో టీచర్ ముందు చేయాల్సిన పని. బాత్రూం కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపకు, ఒకదాని తర్వాత ఒకటి కూడా వేయకు. క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఆమ్లం కంట్లో గానీ చర్మం మీద గానీ పడితే పారే నీళ్ళతో చాలాసేపు కడగాలి, కంట్లో పడితే కడిగిన వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. తటస్థీకరణం చదివాం కదా అని క్షారం పోయకూడదు. అక్కడ పుట్టే వేడి, ఎక్కువైన క్షారం రెండూ ఇంకా హాని చేస్తాయి. కళ్ళకైతే క్షారాలు ఆమ్లాల కన్నా లోతుగా దెబ్బతీస్తాయి, కాబట్టి సున్నంతో ఆడుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇంట్లో ఉంటే డబ్బా పైన పెట్టు.

పరీక్షలో లవణాల ప్రశ్న వస్తే వరస ఇలా రాయి: లవణం నీటిలో ఏయే అయాన్లుగా విడిపోతుంది, ఒక్కో అయాన్ ఏ ఆమ్లం లేదా ఏ క్షారం నుంచి వచ్చింది, అది బలమైనదా బలహీనమైనదా, బలహీనమైన దాని అయాన్ నీటితో ఏం చేస్తుంది, చివరికి మిగిలేది హైడ్రోనియమా హైడ్రాక్సైడా. ఈ ఐదు మెట్లూ రాస్తే దిద్దేవారు మార్కు కోయడానికి చోటు ఉండదు.

ఇది అర్థమైందో లేదో చూసుకోవడానికి మూడు ఇస్తున్నాను: సోడియం ఎసిటేట్, పొటాషియం నైట్రేట్, ఫెర్రిక్ క్లోరైడ్. ఒక్కో ద్రావణాన్ని మందార నీళ్ళలో పోస్తే రంగు ఎటు తిరుగుతుంది, ఎందుకు? జవాబులు కింద రాసి పెట్టు, నేను చూసి చెబుతాను.